బదులు లేని బొమ్మ



చిన్నపిల్లలున్న ఇంట్లో సాధారణంగా ఒక టెడ్డీబేర్ ఉంటుంది. ఒక కన్ను ఊడిపోయి, మెడ వాలిపోయి, ఎన్నిసార్లు ఉతికినా మరక వదలని బొమ్మ. పుట్టినరోజుకి వచ్చిన కొత్త బొమ్మలు పక్కనే నాలుగున్నా, పడుకునేటప్పుడు పిల్లలకు ఆ పాతదే కావాలి. "ఇది పాడైపోయింది బంగారం, ఇలాంటిదే కొత్తది కొందాం" అంటే ఏడుస్తారు. ఆ ఏడుపు వట్టి మొండితనమేనా? లేక పెద్దవాళ్ళమైన మనం మర్చిపోయిన సంగతి ఏదైనా అందులో ఉందా?

ఈ బొమ్మకు ఆ పేరు అమెరికాలోనే వచ్చింది. 1902 నవంబరులో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీలో వేటకు వెళ్ళారు. తోటివారు ఒక ఎలుగుబంటిని పట్టి చెట్టుకు కట్టేసి, కాల్చమన్నారు. కట్టేసిన జంతువును కాల్చనని ఆయన నిరాకరించారు. వాషింగ్టన్ పోస్టులో క్లిఫర్డ్ బెర్రీమన్ దాని మీద కార్టూన్ వేశారు. అది చూసి బ్రూక్లిన్‌లో మిఠాయి కొట్టు నడుపుకుంటున్న మిక్టమ్ దంపతులు గుడ్డతో ఎలుగుబంటి బొమ్మ కుట్టి, రూజ్‌వెల్ట్ ముద్దుపేరైన 'టెడ్డీ'ని దానికి పెట్టారు. వాళ్ళూ మనలాగే వేరే దేశం నుండి వలస వచ్చినవారే.

మనలో చాలామంది ఇళ్ళలో చిన్నప్పుడు టెడ్డీబేర్ ఉన్నా, దాని చోటు షోకేసులో. కొండపల్లి బొమ్మల పక్కన, దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా కూర్చునేది. చుట్టాలొస్తే చూపించడానికే గాని ముట్టుకోవడానికి కాదు. రాత్రి నిద్రపట్టడానికి మనం పట్టుకున్నది అమ్మ పాత నూలుచీర కొంగునో, అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంతనో. ఇప్పుడు ఆలోచించండి. ఏళ్ళ తరబడి కొత్తగానే ఉన్న షోకేసు బొమ్మ మీకు గుర్తొస్తుందా, చిరుగులు పడిన ఆ బొంత వాసన గుర్తొస్తుందా? విలువ ఉంది గనుక మనం బొంతను ప్రేమించలేదు. మన ప్రేమ వల్ల దానికి విలువ వచ్చింది.

2008లో బ్రూస్ హుడ్, పాల్ బ్లూమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. ఏ వస్తువునైనా అచ్చు అలాగే ఇంకొకటి తయారుచేసే యంత్రమని పిల్లలకు ఒక పెట్టెను చూపించారు. నిజానికి అది గారడీ. మామూలు ఆటవస్తువైతే పిల్లలు కొత్త నకలును సంతోషంగా తీసుకున్నారు. కాని రోజూ పక్కలో పెట్టుకుని పడుకునే బొమ్మ విషయంలో ఎక్కువమంది అసలుదే కావాలన్నారు. కొందరైతే దాన్ని ఆ పెట్టెలో పెట్టడానికే ఒప్పుకోలేదు.

నాలాగా కంప్యూటర్లతో పనిచేసేవారికి ఇది వింతగా ఉంటుంది. ఒక ఫైలును కాపీ చేస్తే, అసలుకీ నకలుకీ తేడా ఉండదు. ఒకటి పోతే బ్యాకప్ ఉంటుంది. మన ఉద్యోగాలూ అలాగే నడుస్తున్నాయి. ఆఫీసు భాషలో మనిషి పేరు 'రిసోర్స్'. ఒక రిసోర్స్ వెళ్ళిపోతే అదే స్కిల్‌తో ఇంకో రిసోర్స్ వస్తాడు. పదేళ్ళు పనిచేసిన వ్యక్తి సీటు సోమవారానికి నిండిపోతుంది. వీసా మీద బ్రతికే మన సంఘాల్లో ఉద్యోగం పోయినవారు లోలోపల వేసుకునే ప్రశ్న ఒకటే: "నేను లేకపోతే ఎవరికైనా లోటుందా?"

ఆ ప్రశ్నకు జవాబు లూకా సువార్త 15వ అధ్యాయంలో ఉంది. నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోయింది. లెక్క ప్రకారం చూస్తే నష్టం నూటికి ఒకటే. వచ్చే ఈతలో ఇంకో పిల్ల పుడుతుంది. కాని ఆ కాపరి అలా లెక్క వేయలేదు. తప్పిపోయిన ఆ ఒక్కదాని కోసమే వెళ్ళాడు, దొరికాక భుజాల మీద వేసుకుని ఇంటికి తెచ్చాడు. దేవుని దగ్గర మీకు బ్యాకప్ లేదు. మీ చోటులో ఇంకొకరిని పెట్టి ఆయన సరిపెట్టుకోడు. ఆయన మనలను ప్రేమించింది మనం మరకలు లేకుండా ఉన్నందుకు కాదు.

"పిల్లచేష్టలు మానేయాలని పౌలు చెప్పలేదా?" అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, మొదటి కొరింథీయులకు 13వ అధ్యాయంలో ఆ మాట ఉంది. అయితే ప్రేమకు అంతం లేదని చెప్పింది కూడా అదే అధ్యాయం. ఎదిగినవాడు బొమ్మను పక్కన పెట్టవచ్చు, ప్రేమించడం మాత్రం పక్కన పెట్టకూడదు.

ఇందులో ఒక జాగ్రత్త కూడా ఉంది. మోషే చేసిన ఇత్తడి సర్పము దేవుని ఆజ్ఞతో చేసినదే, ప్రాణాలు నిలిపినదే. తరువాతి కాలంలో జనులు దానికే ధూపం వేయడం మొదలుపెడితే హిజ్కియా రాజు దాన్ని పగలగొట్టించాడు. జ్ఞాపకవస్తువు మనలను ప్రేమించినవారి వైపుకు చూపించినంత కాలం మంచిదే. అమ్మ చీరను బీరువాలో భద్రంగా దాచుకుని, అమ్మకు ఫోన్ చేయడం మర్చిపోతే ఆ చీర కూడా మనకు ఇత్తడి సర్పమే.

కాబట్టి ఈసారి ఇల్లు మారేటప్పుడు, విమానానికి 23 కిలోల పెట్టె తూకం వేసేటప్పుడు, ఆ చిరిగిన టెడ్డీని పిల్లలను అడగకుండా పారేయకండి. అందుకోసం ఒక పచ్చడి సీసా తగ్గినా ఫరవాలేదు. ప్రేమించినదాన్ని సులువుగా మార్చేసుకోవచ్చని మన చేతులతో మనం వాళ్ళకు నేర్పవద్దు. రేపు వాళ్ళకు తప్పిపోయిన గొర్రె కథ చెప్పినప్పుడు, ఆ కాపరి ఎందుకు వెళ్ళాడో వేరే వివరించనక్కర్లేదు. వాళ్ళకు ముందే తెలిసి ఉంటుంది.

ఈ వారం మీ సహవాసంలో ఉద్యోగం పోయినవారో, ఒంటరిగా ఉన్నవారో ఉంటే వారింటికి వెళ్ళండి. వారు రాని ఆదివారం వారి కుర్చీ ఖాళీగా ఉన్నట్టు మీరు గమనించారని చెప్పండి. మనలను పేరుపెట్టి పిలిచిన దేవుడు మీకు తోడైయుండును గాక. ఆమేన్.