ప్రసవ సేవలో ఉన్నత విద్య: ఒక ధర్మ విచారణ

పై చదువు చదివిన మిడ్‌వైఫ్ ఎక్కడ పనిచేయాలన్నది పైకి ఉద్యోగ నిబంధనల విషయంగా కనిపించినా, మూలంలో అది జ్ఞానం ఎవరి కోసం, గౌరవం దేనికి అన్న ధర్మ ప్రశ్న. మన దేశంలో జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ) డిప్లొమా గానీ నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ గానీ పూర్తిచేసి, రాష్ట్ర నర్సింగ్ మండలిలో పేరు నమోదు చేయించుకున్న వ్యక్తిని చట్టం నర్సుగానూ మిడ్‌వైఫ్‌గానూ గుర్తిస్తుంది. ఆ తర్వాత ఆమె ముందు ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి, ప్రసూతి, స్త్రీ వ్యాధుల నర్సింగ్‌లో రెండేళ్ల ఎమ్మెస్సీ. రెండవది, 2018లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు నిర్దేశించిన పద్దెనిమిది నెలల ప్రత్యేక శిక్షణ. మొదటి దారి ఎక్కువగా కళాశాల బోధన వైపు నడిపిస్తుంది; చదువుతో నిమిత్తం లేకుండా సర్వీసును బట్టి వచ్చే సీనియర్ నర్సింగ్ ఆఫీసర్ వంటి పదోన్నతులు డ్యూటీ చార్టుల వైపు, రిజిస్టర్ల వైపు నడిపిస్తాయి. ఎదిగిన కొద్దీ కాన్పుల గదికి దూరమయ్యే ఈ ఏర్పాటు ధర్మమేనా అన్నదే ఇక్కడి విచారణ.

జ్ఞానం ఎలా కలుగుతుందన్న ప్రశ్నకు న్యాయదర్శనం నాలుగు ప్రమాణాలు చెప్పింది: ఇంద్రియాలతో నేరుగా తెలుసుకునే ప్రత్యక్షం, కనిపించే గుర్తును బట్టి కనిపించనిదాన్ని నిర్ణయించే అనుమానం, పోలికతో తెలుసుకునే ఉపమానం, నమ్మదగిన వ్యక్తి మాటగా అందే శబ్దం. కడుపు మీద చేయి ఉంచి బిడ్డ తల ఎటుందో గ్రహించడం ప్రత్యక్షం. నాడి వేగాన్ని, రక్తస్రావాన్ని చూసి రాబోయే ప్రమాదాన్ని ముందే పసిగట్టడం అనుమానం. గురువు, గ్రంథం, పరిశోధన అందించేది శబ్దం. పై చదువు చేయవలసిన పని శబ్దాన్ని పెంచి ప్రత్యక్షాన్ని తగ్గించడం కాదు, ఈ ప్రమాణాలన్నిటినీ ఒకే మనిషిలో, ఒకే ఘడియలో, ఒక తల్లి పక్కన కలపడం. పట్టా పుచ్చుకున్న చేయి తల్లిని తాకడం మానేస్తే ఆ జ్ఞానంలో సగం ఎండిపోతుంది.

అయినా మనసు పనిని ఎక్కువగా, చేతి పనిని తక్కువగా చూసే అలవాటు చాలా పాతది. సుశ్రుత సంహితలోని శారీరస్థానం ప్రసవవేళ గర్భిణి దగ్గర వయసు మళ్లిన, ప్రసవ కార్యంలో ఆరితేరిన, గోళ్లు కత్తిరించుకున్న నలుగురు స్త్రీలు ఉండాలని చెప్పింది గానీ, ఆ నైపుణ్యాన్ని విద్యగా నిలిపి వారికి ఆచార్య స్థానం కల్పించలేదు. గ్రీకు తత్త్వవేత్త సోక్రటీసు తన తల్లి మంత్రసాని అని గర్వంగా చెప్పుకొని, ఎదుటివారిలోని ఆలోచనకు పురుడుపోయడమే తన పని అన్నట్టు ప్లేటో రాసిన ‘థియాటెటస్’ సంభాషణలో కనిపిస్తుంది. అయితే అక్కడే ఆయన తల్లుల కాన్పు కంటే ఆత్మల కాన్పే గొప్పదని తేల్చాడు. తెలంగాణ పల్లెల్లో ఈ పని చాలాచోట్ల మంగలి, దళిత కులాల స్త్రీల వంతైంది. పురిటి మైల అనే భావన బిడ్డను లోకంలోకి తెచ్చిన చేతులనే అంటరానివిగా నిలబెట్టింది. పుట్టుకను పవిత్రమంటూ, పుట్టించిన సేవను మైల అన్న సమాజం ఆ వైరుధ్యానికి ఇప్పటికీ పూర్తిగా జవాబు చెప్పుకోలేదు.

ఈ వైరుధ్యానికి ఫలితం అంకెల్లోనూ కనిపిస్తుంది. 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. వాటితో పాటు సిజేరియన్లు మొత్తం కాన్పుల్లో 60.7 శాతానికి, ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతానికి చేరాయి. దేశం మొత్తం మీద అన్ని కాన్పుల్లో సిజేరియన్ల వాటా 21.5 శాతమే. అవసరమైన చోట సిజేరియన్ తల్లీబిడ్డల ప్రాణం నిలుపుతుంది. అవసరం లేని చోట అది తల్లికి గాయమే. నొప్పులు పడుతున్న స్త్రీ పక్కన గంటల తరబడి ఓర్పుగా ఉండి, ఎప్పుడు కల్పించుకోవాలో, ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు డాక్టరును పిలవాలో తెలిసిన మిడ్‌వైఫ్ లేకపోవడం ఈ పరిస్థితికి ఒక ముఖ్య కారణం. ఆ లోటు తీర్చడానికే 2017లో రాష్ట్ర ప్రభుత్వం యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌లతో కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. పై చదువు మనిషిని తల్లి దగ్గరికే తిరిగి పంపగలదని ఆ ప్రయత్నం చూపింది.

మహబూబాబాద్ జిల్లాలోని ఏజెన్సీ మండలం గంగారం వంటి చోట ఈ ప్రశ్న మరింత సూటిగా నిలుస్తుంది. ఆ మండలంలోని పూనుగొండ్ల, కోయలు వనదేవతగా కొలిచే సమ్మక్క భర్త పగిడిద్దరాజు కొలువైన ఊరు. రెండేళ్లకోసారి అక్కడి నుంచే ఆయనను మేడారం జాతరకు తోడ్కొని వెళతారు. తల్లిని వనదేవతగా కొలిచే ఆ కోయ గూడేల్లో, నెలలు నిండిన స్త్రీకి వాన కురిసిన రాత్రి పెద్దాసుపత్రి దూరమే అవుతుంది. అక్కడ అందరికన్నా ముందు ఆమెను చూసేది ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, నర్సింగ్ ఆఫీసర్. ఎవరి చదువు అందరికన్నా లోతుగా ఉండాలో, వారికే పై చదువు అందరికన్నా అందని వస్తువు కావడం న్యాయం కాదు.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటుంది. సేవే నీ ధర్మమని చెప్పి కొందరిని తరతరాలుగా ఒకే పనికి కట్టిపడేసిన దేశంలో, చదువుకున్న స్త్రీని మళ్లీ కాన్పుల గదిలోనే ఉండమనడం పాత సంకెల కాదా? ఈ ఆక్షేపణలో సత్యముంది. బోధన కూడా సేవే. గురువులు లేకుండా కొత్త తరం తయారు కాదు. జీతం, హోదా, విశ్రాంతి ఇవ్వకుండా త్యాగం కోరడం అధర్మమే. అందువల్ల ఆమెను ఆపడం కాదు, ఆమె ఉండిపోవాలనుకుంటే ఉన్నచోటే ఎదిగే మెట్లు కట్టడం సమాజం బాధ్యత. ఫలం మీద ఆసక్తి విడిచి లోకసంగ్రహం కోసం, అంటే లోకం నిలబడటం కోసం, కర్మ చేయమన్న గీతాబోధ కర్మ చేసేవారి కూలిని ఎగ్గొట్టే హక్కు ఎవరికీ ఇవ్వలేదు.

కాబట్టి చేయవలసినవి స్పష్టం. మిడ్‌వైఫ్‌లకు ప్రత్యేక కేడర్ ఉండాలి. తల్లుల పక్కన పనిచేస్తూనే జీతంలోనూ హోదాలోనూ పైకి వెళ్లే దారి ఉండాలి. కళాశాలల్లో పాఠం చెప్పేవారు వారంలో కొన్ని రోజులైనా కాన్పుల గదిలో పనిచేయాలి. గంగారం వంటి ఏజెన్సీ మండలాల అమ్మాయిలకు, వారి భాష తెలిసినవారికి, శిక్షణలో సీట్లు, ఉపకార వేతనాలు కేటాయించాలి. తల్లిని దేవతగా కొలిచే సమాజం ఆ తల్లికి చేయి అందించిన స్త్రీ చదువునూ అంతే గౌరవంతో చూడాలి.