నిప్పుతో తడపమంటే

తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన ‘తర్కసంగ్రహం’ చాలా చిన్న పుస్తకం. తర్కం చదవబోయేవాళ్లు మొదట పట్టేది ఇప్పటికీ దాన్నే. మాటకు అర్థం ఎలా కుదురుతుందో చెప్పడానికి ఆయన ఎక్కడ కుదరదో చూపిస్తాడు. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరసగా అంటే ఒక పదానికి ఇంకో పదంతో పనిలేదు, ఆకాంక్ష లేదు. నిప్పుతో తడపమంటే పదాలు కలిశాయి గానీ పని కుదరదు, యోగ్యత లేదు. ‘ఆవును’ అని ఇప్పుడు అని, ‘తీసుకురా’ అని ఇంకో జాముకు అంటే సన్నిధి లేదు. వినేవాడు అప్పటికి ఏ ఊళ్లో ఉంటాడో!

ఈ మూడు లోపాలూ ఇవాళ సాఫ్ట్‌వేర్ టూళ్ల వివరణల్లో తగులుతున్నాయి.

ఏఐ ఏజెంట్ అంటే మాట్లాడి ఊరుకోకుండా పని కూడా చేసిపెట్టే మోడల్. టికెట్ బుక్ చేయాలన్నా, ఫైలు వెతకాలన్నా అది ఏదో ఒక టూల్‌ను పిలవాలి. టూల్ లోపలి కోడ్ సాధారణంగా దానికి కనపడదు. కనపడేది పేరు, నాలుగు వాక్యాల వివరణ, ఏయే విలువలు నింపాలో చెప్పే పట్టిక. 2024 నవంబరులో ఆంత్రోపిక్ ‘మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్’ను విడుదల చేశాక, ఎవరో రాసిన టూల్‌ను ఇంకెవరి ఏజెంట్‌కో తగిలించడం తేలికైంది. వివరణలో ‘తేదీ’ అని ఊరికే రాసి ఉంటే 05-06 అంటే జూన్ అయిదా, మే ఆరా? అడుగుదామంటే రాసినవాడు ఎదురుగా లేడు.

వేదవాక్యాలకు అర్థం తేల్చే మీమాంసకులకు ఈ పరిస్థితి బాగా తెలుసు. వాళ్ల లెక్కలో వేదానికి కర్తే లేడు. ఇక కర్త ఉద్దేశం ఏమిటన్న ప్రశ్న ఎక్కడిది? ఉన్నది వాక్యం, చేయాల్సింది యజ్ఞం. అందుకే శబరుడు, కుమారిలుడు, ప్రభాకరుడు వాక్యాన్ని పనితో తూచారు. వడ్లు దంచాలన్న విధిమీద చర్చే చూడండి. వడ్ల పొట్టు రోకలితో దంచినా పోతుంది, గోళ్లతో ఒలిచినా పోతుంది. ఇది లోకానికి తెలిసిందే, చెప్పడానికి వేదం అక్కర్లేదు. మరి విధి ఎందుకు? రెండు దారుల్లో ఒకదాన్నే పట్టమని. దీన్ని నియమవిధి అన్నారు. ఒకే పని చేయగల రెండు టూళ్లు పక్కపక్కన ఉంటే ఏజెంట్ తడబడేది ఇక్కడే. రెండింటికీ ‘ఫైళ్లు వెతుకుతుంది’ అని మాత్రమే రాసి ఉంటే అది రోకలిని పక్కనబెట్టి గోళ్లతో ఒలుస్తూ కూర్చోవచ్చు.

ఇప్పటి కొలతా పనితోనే. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2024లో మొదలుపెట్టిన ‘ఫంక్షన్ కాలింగ్ లీడర్‌బోర్డ్’ మోడల్ సరైన టూల్‌ను సరైన విలువలతో పిలిచిందా అని చూస్తుంది. ఇచ్చినవాటిలో ఏదీ పనికిరానప్పుడు చేతులు కట్టుకుని ఊరుకుందా అని కూడా చూస్తుంది. పరీక్ష మోడళ్లకే గానీ, వివరణలకూ పనికొస్తుంది. మోడల్‌ను అలాగే ఉంచి, వివరణలో ఒక్క వాక్యం మార్చి, అవే ప్రశ్నలు మళ్లీ వేస్తే చాలు.

చిక్కంతా అర్థవాదంతో వస్తుంది. వేదంలో ఏ పనీ చెప్పకుండా దేవతనో ద్రవ్యాన్నో పొగిడే వాక్యాలున్నాయి. మీమాంసకులు వాటిని వదిలేయలేదు. పక్కనున్న విధిమీద మనిషికి రుచి పుట్టించడమే ఆ పొగడ్త పని అన్నారు. టూళ్లకూ పొగడ్త పనిచేస్తోంది. వివరణలో గొప్పలు నాలుగు చేరిస్తే, కోడ్‌లో అక్షరం మారకపోయినా మోడళ్లు ఆ టూల్ వైపే మొగ్గుతున్నాయని 2025లో పరిశోధకులు చూపించారు. పనితో తూస్తే ఆ వివరణ భేషుగ్గా నడిపించినట్టే.

అదే ఏడాది ఏప్రిల్‌లో ఏఐ భద్రతా సంస్థ ‘ఇన్వేరియంట్ ల్యాబ్స్’ బయటపెట్టిన ఉదాహరణ ఇంకా ఘాటు. రెండు సంఖ్యలు కూడే టూల్. వివరణ లోపల మాత్రం ఇంకో ఆదేశం దాగి ఉంది: ముందు కంప్యూటర్‌లోని రహస్య కీ ఫైలు చదివి, దాన్నొక అదనపు గడిలో నింపి పంపమని. వాడే మనిషికి తెరమీద ఆ ముక్క కనపడదు, మోడల్‌కు కనపడుతుంది. అన్నంభట్టు పెట్టిన మూడు పరీక్షల్లోనూ ఆ వాక్యం నెగ్గుతుంది. పదాలు అతికాయి, పని కుదురుతుంది, అన్నీ దగ్గరగానే ఉన్నాయి. ఏది సాధించాలి, దేనితో, ఎలా అని కుమారిలుడు అడిగినా తడుముకోకుండా జవాబిస్తుంది.

ఇక అన్నంభట్టు లాంటి తార్కికుల, అంటే నైయాయికుల గడప తొక్కక తప్పదు. అన్నంభట్టు ఆ మూడింటికంటే ముందే ఒక షరతు పెట్టాడు: మాట ప్రమాణం కావాలంటే ఆప్తుడిది కావాలి. ఆప్తుడంటే ఉన్నదున్నట్టు చెప్పేవాడు. టూల్ వివరణ వేదంలా అపౌరుషేయం కాదు. దానికి కర్త ఉన్నాడు, కనపడడంతే. ఏజెంట్ దాన్ని వేదవాక్కులా చదువుతుంటే, కొలిచేవాళ్లు కూడా ఎంత చక్కగా నడిపించిందన్నదే లెక్కపెట్టి, ఎవరు నడిపించారన్నది భద్రతా విభాగానికి వదిలేస్తున్నారు. ఈ రెండూ వేర్వేరు బల్లలమీద తేలే లెక్కలు కావు.

ఒకసారి ఒప్పుకున్న వివరణను అవతలి సర్వర్ తర్వాత చడీచప్పుడు లేకుండా మార్చేయవచ్చు కూడా. అందుకే వివరణకు హ్యాష్, అంటే అక్షరాలన్నిటినుంచీ లెక్కగట్టిన చిన్న గుర్తు, తీసి ఉంచుకొమ్మని ఇన్వేరియంట్ వాళ్ల సలహా. ఒక్క అక్షరం మారినా హ్యాష్ మారిపోతుంది. మొదటి రోజే విషం ఉంటే మాత్రం అది ఆ విషాన్నే భద్రంగా కాపాడుతుంది. ఈ కాపలా విద్య వేదం వల్లించే ఘనపాఠులకు పాతదే. ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు అని పదాలను ముందుకీ వెనక్కీ తిప్పి వల్లిస్తారు. ఎక్కడ ఒక పదం జారినా వల్లె అక్కడే తడబడుతుంది.