సత్యవ్రతుని కలశము – గృహమునందలి బంగారు చేప

శ్రీమన్నారాయణుని మత్స్యావతారగాథ శ్రీమద్భాగవతమున అష్టమస్కంధమందు కలదు. ద్రవిడదేశాధీశుడైన సత్యవ్రతుడు కృతమాలానదియందు తర్పణము చేయుచుండగా ఒక చిన్న చేపపిల్ల ఆయన దోసిటిలోనికి వచ్చినది. రాజు దానిని మరల నదిలో విడువగా, పెద్ద జలచరములు తన్ను మ్రింగివేయునని అది దీనముగా మొరపెట్టుకొన్నది. రాజు దయదలచి కలశజలమున నుంచి ఆశ్రమమునకు గొనిపోయెను. తెల్లవారునప్పటికి ఆ కలశము దానికి చాలలేదు. పెద్ద నీటిపాత్రలోనికి మార్చెను; అదియు చాలలేదు. సరస్సునకు మార్చెను, తుదకు సముద్రమునకు గొనిపోయెను. అప్పుడుగాని ఆ మీనము సాక్షాత్తు శ్రీహరియని ఆయనకు తెలియలేదు.

ఈ గాథలో గమనింపదగిన సూక్ష్మమొకటి కలదు. సత్యవ్రతుడు దేవుడని తెలిసి పాత్రను పెంచలేదు. ఒక సామాన్యమైన చేప యనుకొనియే పెంచెను. “నా కలశమున కిమిడినంతవరకే నా దయ” అని ఆయన అనలేదు. పాత్రకు తగినట్లు ప్రాణిని కుదింపక, ప్రాణికి తగినట్లు పాత్రను పెంచుటయే ఆయన ధర్మనిష్ఠ.

ఈ ధర్మము రాజులకు, ఋషులకు మాత్రమే చెప్పబడినది కాదు. చేపను ఇంటికి తెచ్చుకొను ప్రతి గృహస్థునకును ఇది వర్తించును. భాగ్యనగరమునందలి షేక్‌పేట ప్రాంతము ఒకనాడు కుతుబ్‌షాహీ కాలపు సరాయితో, కొండరాళ్లతో నిండిన ఊరు. మద్రాసునుండి తరలివచ్చిన తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నేడు అక్కడి జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ నిలయములు. ఫిల్మ్‌నగర్‌లో దైవసన్నిధానము, జూబ్లీహిల్స్‌లో 2019వ సంవత్సరమున ప్రతిష్ఠ జరిగిన శ్రీవేంకటేశ్వరస్వామి ఆలయము భక్తులను ఆకర్షించుచున్నవి. కన్నులకు విందు చేయుటయే వృత్తిగా గల ఆ పేటలో, మేడలయందును చిన్న ఇండ్లయందును గాజుతొట్టెలలో బంగారు చేపలు తిరుగుచుండుట వింత కాదు. అవియు చూపుకొరకు తీర్చబడిన ప్రాణులే గదా!

బంగారు చేప పుట్టినిల్లు చీనాదేశము. నదులలోని బూడిదరంగు చేపలలో అరుదుగా పుట్టెడు పసిమివన్నె పిల్లలను ఏరి, సుమారు వేయి సంవత్సరములుగా మనుష్యులు పెంచుచు వచ్చిరి. క్రమముగా వన్నెతో తృప్తి తీరక రూపమును గూడ మార్చిరి. తలపై గడ్డవంటి కండ గల ఒరండా, వెలికి ఉబికిన కన్నులు గల బ్లాక్ మూర్, వీపున రెక్కయే లేని రాంచు, కన్నుల క్రింద నీటితిత్తులు వ్రేలాడు బబుల్ ఐ – ఇవి యన్నియు మానవుని వేడుకనుండి పుట్టినవే. గుండ్రని పొట్టలో అవయవములు ఇరుకుటచే కొన్నిటికి గాలితిత్తి సరిగా పనిచేయదు. అవి తలక్రిందులై తేలును. నీటితిత్తుల కన్నులు గల చేపకు చూపు సరిగా ఆనదు. చిన్న రాయి గీసికొన్నను తిత్తి చిట్లును.

అట్లయిన వీనిని పెంచుట పాపమా? పెంపకమే తగదను వారి మాటలో సత్యము లేకపోలేదు. కొనువారుండుటచేతనే వికృతరూపములు పుట్టింపబడుచున్నవి. కాని ఇప్పటికే పుట్టిన చేపకు నదిలో బ్రదుకు లేదు. మెల్లగా ఈదెడు ఆ మెరపువన్నె ప్రాణి కొంగకో, పెద్ద చేపకో క్షణములో ఆహారమగును. కృతమాలలోని చేపపిల్లవలె దానికి మనుష్యుని దోసిలియే శరణు. కావున ధర్మము రెండు విధములు: కొనకముందు, దేహమే బాధగా మారిన రూపములను కోరకుండుట, కొన్న పిదప, శరణాగతునివలె రక్షించుట.

రక్షణ యనగా చిటికెడు మేత వేయుట మాత్రమే కాదు. బల్లపై అందముగా కనబడు గుండ్రని గాజుగిన్నె బంగారు చేపకు కారాగారము. చక్కగా పెరిగిన చేప జానెడు పొడవు కాగలదు. పది పదునైదేండ్లు జీవింపగలదు. ఇంగ్లండులో 1999వ సంవత్సరమున మరణించిన ఒక బంగారు చేప 43 ఏండ్లు బ్రదికినది. కావున ఒక్క చేపకు 75 లీటర్ల నీరైనను, అదనపు చేప ఒక్కొక్కదానికి మరి 40 లీటర్లును ఉండుట మేలు. చేప మొప్పలనుండియు మలమునుండియు వెలువడు అమోనియా దానికి విషము. ఆ విషమును విరిచెడు సూక్ష్మజీవులు ఫిల్టరులో నెలకొనుటకు నాలుగునుండి ఆరు వారములు పట్టును. కావున తొట్టెను ముందుగా సిద్ధపరచి పిదప చేపను తేవలయును. వారమునకొకసారి నాలుగవవంతు నీటిని మార్చవలయును. క్లోరిన్ కలిసిన కుళాయినీటిని తిన్నగా పోయరాదు. వేసవిలో మరింత జాగరూకత అవసరము. 20 డిగ్రీల నీరు లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకొనగా, 30 డిగ్రీల నీరు ఏడున్నర మిల్లీగ్రాములే ఇముడ్చుకొనును. చల్లని నీటిని కోరు ఈ చేపకు భాగ్యనగరపు మండుటెండలలో ఊపిరియే కరవగును. నీటిలోనికి గాలి పంపు యంత్రమును ఆపక, తొట్టెను ఎండకు దూరముగా ఉంచవలయును.

మన దేశమున 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము సైతము, కదలుటకు తగిన చోటు లేని బోనులోగాని పాత్రలోగాని ప్రాణిని బంధించుట నేరమని చెప్పుచున్నది. సత్యవ్రతుడు దయచే చేసినదానిని నేటి శాసనము విధిగా కోరుచున్నది.

ఇక కొన్ని ఇండ్లలో ఒక నమ్మకము కలదు. చేప చనిపోయినచో, ఇంటికి రానున్న కీడును అది తనపై వేసికొని పోయినదని సంతోషింతురు. వెంటనే మరియొక చేపను తెత్తురు. ఈ మాట మనస్సునకు ఊరట నిచ్చును గాని ధర్మమునకు తెర వేయును. ఇరుకు గిన్నెలో, మురికినీటిలో ఊపిరాడక చచ్చిన ప్రాణిని త్యాగమూర్తిగా కొనియాడి, తన అజాగ్రత్తను మరచుట ఆస్తికునకు తగునా? కీడును తొలగించువాడు శ్రీనివాసుడు. మూగప్రాణి మెడపై ఆ భారము మోపనేల?

మరికొందరు విసుగుచేతనో జాలిచేతనో చేపలను చెరువులలోను, దేవాలయ పుష్కరిణులలోను విడుతురు. ఇది దయవలె కనబడు హింస. బ్రదికి వృద్ధిపొందినచో బంగారు చేప అడుగుమట్టిని కెలకి, నీటిమొక్కలను పెకలించి, స్థానికమైన మత్స్యములకు చేటు తెచ్చును. అమెరికాలోని బర్న్స్‌విల్ పట్టణ పాలకులు 2021లో, చెరువులలో విడిచిన బంగారు చేపలు మిక్కిలి పెద్దవై నీటిని పాడుచేయుచున్నవని ప్రజలను హెచ్చరించిరి. తెలుగునాట అక్వేరియములకై తెచ్చిన సక్కర్ చేప జలాశయములలో చేరి, దెయ్యపు చేప యను పేరుతో జాలరుల వలలను చింపుచున్నది. పెంచలేనివారు పెంచగలవారి చేతికప్పగించుటయే మార్గము. సత్యవ్రతుడు చేపను సరస్సున విడిచి చేతులు దులుపుకొనలేదు; దాని వెంట సముద్రమువరకు నడచెను.

అట్లని మమకారమున మునుగరాదు. లేడిపిల్లను కాపాడిన భరతుడు కరుణచే తప్పలేదు; ఆ లేడియే సర్వస్వమై, ఆరాధన మరచుటచే లేడిజన్మ మెత్తెను. చేపకు మేత వేసి, నీరు మార్చి, అది హాయిగా ఈదుట చూచి, “స్వామీ, నీ సొత్తును నీ కొరకు కాచుచున్నాను” అని తలచినచో ఆ సేవ బంధము కాదు.

తిరుపతి జిల్లా నాగలాపురమున శ్రీవేదనారాయణస్వామి మత్స్యరూపమున భక్తులను కటాక్షించుచున్నాడు. ఆ సన్నిధిలో చేతులు జోడించిన భక్తుడు ఇల్లు చేరి, మూలనున్న గాజుతొట్టెవైపు ఒకసారి చూడవలయును. ఆ నీరు నిర్మలముగా నున్నదా? ఆ పాత్ర చాలునా? దోసిటిలోనికి వచ్చిన చేప ఎవరో సత్యవ్రతునకు ముందు తెలియదు. మనకును తెలియదు. తెలియకయే చేయు దయ శ్రీహరికి ప్రీతికరమగు గాక!