పెట్టే చెయ్యి

పెట్టడమంటే మన ఆడవాళ్ళకి ఎంత యిష్టమో వేరే చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చినవాళ్ళని కాఫీ యివ్వకుండా పంపితే ఆ పూటంతా మనసులో ముల్లు గుచ్చుకున్నట్టే వుంటుంది. పిల్లాడు చాలన్నాక యింకో గరిటె వడ్డిస్తేగాని తృప్తి వుండదు. మా పాతబస్తీలో అయితే మరీను! ఆషాఢం వచ్చిందంటే లాల్‌దర్వాజా సింహవాహిని అమ్మవారికి బోనాలు. బోనమంటే భోజనమే కదా. మక్కా మసీదు దగ్గరా చార్మినార్ దగ్గరా పావురాలకి గింజలు చల్లేవాళ్ళకి కొదవ లేదు. ఇక తెల్లారేసరికి వాకిట్లో బియ్యప్పిండి ముగ్గు. అది అందానికే కాదు, చీమల కడుపు నింపటానికి కూడానని అమ్మమ్మలు చెప్పగా విన్నాం.

ఇన్ని పెట్టడాల్లో మనకి చిక్కేమీ రాదు. ఉన్నది పెడతాం, అవి తింటాయి, పుణ్యం మన ఖాతాలో పడిందనుకుంటాం. కాని మనం పెట్టేది ముట్టని జీవి ఒకటుంది. వానాకాలం మెట్లకిందా, నీళ్ళతొట్టి వెనకా ఒంటినిండా బొడిపెలతో ముంగిలా కూర్చుంటుందే, ఆ కప్ప. ఇంగ్లీషులో టోడ్ అంటారు. జిగురుదారానికి నల్లపూసలు గుచ్చినట్టు నీళ్ళల్లో గుడ్లు పెడుతుంది. తోకతో ఈదినన్నాళ్ళూ పిల్లలు నాచు తిని బతికేస్తాయి. తోక పోయి, కాళ్ళొచ్చి, గట్టెక్కేసరికి చిటికెనవేలి గోరంత వుంటాయి. అప్పట్నుంచి వాటికి కదిలేదే తిండి. కదలనిది ఎదురుగా వున్నా దానికి తిండిలా కనిపించదు.

మా యెదురింటి కుర్రాడు మొన్న వానల్లో అలాంటివి ఆరింటిని హార్లిక్స్ సీసాలో వేసుకొచ్చాడు. "గివి ఏం తింటయి అత్తమ్మా?" అని నన్నడిగేలోపలే అన్నం మెతుకులు వేశాడు. వాళ్ళమ్మ జాలిపడి రెండు చుక్కలు పాలు కూడా పోసింది. నాలుగోనాటికి రెండు పిల్లలు చచ్చిపోయాయి. మెతుకు పక్కనే పడివున్నాయి, ఆకలితో. తల్లీకొడుకులిద్దరూ ప్రేమగానే పెట్టారు. ఆ ప్రేమ వాటి నోటికి అందలేదు, అంతే.

పెంచటం తెలిసినవాళ్ళు చెప్పేది వింటే, యిది పసిబిడ్డ పెంపకానికేమీ తీసిపోదు. పిల్లకప్పలకి రోజూ తిండి కావాలి. సన్న చీమలు, చెమ్మనేలలో యెగిరే నలుసంత పురుగులు, మగ్గిన అరటిపండు మీద మూగే చిన్న ఈగలు. అవొక్కటే చాలవు. పురుగుల్లో భాస్వరం పాలు ఎక్కువ, కాల్షియం తక్కువ. అందుకని డి3 విటమిన్ కలిసిన కాల్షియం పొడిలో, పూరీవుండని పొడిపిండిలో దొర్లించినట్టు, ఆ పురుగుల్ని దొర్లించి వెయ్యాలి. లేకపోతే యెముకలు మెత్తబడి కాళ్ళు వంకర పోతాయి, దవడ వాలిపోతుంది. పైగా ఆ పురుగులకి కూడా ముందు మంచి తిండి పెట్టాలట! నీళ్ళు నోటితో తాగవు, పొట్టకింది చర్మంతో పీల్చుకుంటాయి. కాబట్టి తడి ఆరకూడదు.

ఇదంతా విని కుర్రాడు ఉత్సాహంగా చీమల వేటలో పడ్డాడు. ఎక్కడ దొరుకుతాయి చీమలు? వాళ్ళమ్మ వేసిన ముగ్గు మీదే! ఆవిడ నా దగ్గరకొచ్చి, "అక్కా, పొద్దుగాల నేను చీమలకు పిండి పెడ్తున్న. పొద్దూకంగ వీడు గా చీమలనే పట్టి కప్పలకేస్తుండు. ఇగ నాకొచ్చిన పుణ్యమేంది?" అంది.

నవ్వొచ్చిందిగాని, అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు.

శిబి చక్రవర్తి పావురాన్ని కాపాడాడని మనందరికీ గుర్తే. డేగ వాదన అంతగా గుర్తుండదు. నా తిండి నువ్వు లాక్కుంటే నా గతేమిటంది డేగ. అందులో న్యాయం వుందనిపించబట్టే ఆయన తొడమాంసం కోసి తక్కెడలో వేశాడు. ఒకరి మీది దయకి యింకొకరి చేత మూల్యం కట్టించలేదు. మనకా శక్తి లేదు. మన దయకి చీమ మూల్యం కడుతుంది.

అలాగని చీమల మీద జాలితో కప్పని పస్తుంచితే? అదీ పాపమే. మెట్టుకింద కప్ప చీమని తింటే అది దాని ఆకలి, దాని వేట. అదే కప్పని సీసాలో పెట్టి చీమని వేస్తే, ఆ చీమ ప్రాణమూ, కప్ప యెముకల బలమూ రెండూ మన లెక్కలోకి వస్తాయి. తీసుకొచ్చిన క్షణంలోనే ఆ బాధ్యత మనదయింది. ప్రేమ వుందిగా అంటే ఆ లెక్క తీరదు.

బహదూర్‌పురాలో 1963లో తెరిచిన మన నెహ్రూ జూపార్కు వుంది. జంతువులకి మనం తెచ్చినవి పెట్టకూడదంటే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. పులికి మాంసం వేసే ఉద్యోగిని చూసి, యెంత కఠినుడో అనుకుంటారు. నిజానికి ఆ పులి ఆకలిని పూర్తిగా నెత్తినేసుకున్నది అతనే. కటకటాల్లోంచి వేరుశనక్కాయ విసిరే మనం మన సరదా తీర్చుకుని యింటికొస్తాం. ఇద్దరిలో ఎవరి చెయ్యి మెత్తన?

మా యెదురింటావిడ రెండురోజులు ఆలోచించింది. సన్నజల్లు పడుతున్న సాయంత్రం, మిగిలిన నాలుగు పిల్లల్నీ తెచ్చినచోటే, బావిగట్టు పక్కన చిత్తడిలో కొడుకు చేతే వదిలించింది. వాడు కాస్సేపు ఏడ్చాడు. చేతులు సబ్బుతో కడిగించి అన్నం పెట్టింది. ముగ్గు వెయ్యటం మాత్రం మానలేదు. ఆ పిండి చీమలకి, ఆ చీమల్లో కొన్ని కప్పలకి. అది తెలిసే వేస్తోందిప్పుడు.

రేపు మీ పిల్లలూ వానలో అలాంటివి పట్టుకొస్తే "ఛీ, పారెయ్" అని అరవకండి. దీనికేం కావాలో తెలుసా, అది రోజూ తెచ్చి పెట్టగలవా అని అడగండి. పెట్టగలనంటే దగ్గరుండి నేర్పండి. లేదంటే, తెచ్చినచోటే వదలటానికి మీరూ తోడు వెళ్ళండి.