ముందు మీటరు చూడు, తర్వాత సోలార్ పెట్టు

కొడుకా,

ఎల్లంతకుంటల ఇంటి స్లాబు పడ్డదని తెలిసి శాన సంబురమైంది. పట్నంల నౌకరీ చేసుకుంట గూడ సొంతూర్ల ఇల్లు కట్టుకుంటున్నవు, మంచి పని. "పెద్దబాపూ, రెండు ఏసీలు పెట్టిస్తున్న, మీద సోలార్ గూడ పెట్టాల్నా?" అని అడిగినవు గదా. పెట్టు. కాని దానికంటె ముందు చేసుకునే పనులు కొన్ని ఉన్నయి. అవి చెయ్యకుండ సోలార్ పెడితే బొక్క పడ్డ గాబుల నీళ్లు పోసినట్టే.

ముందుగాల ఒకటి యాదికుంచుకో. మన దిక్కు కరెంటు ఇచ్చేది సర్కారు కంపెనీ కాదు, సెస్. అంటే సహకార సంఘం. దేశంల ఊర్లకు కరెంటు ఇయ్యడానికి మొదలు పెట్టి చూసిన ఐదు సహకార సంఘాలల్ల మన సిరిసిల్ల సెస్ ఒకటి. కర్ణాటకల హుక్కేరి, గుజరాత్‌ల కొడినార్, మహారాష్ట్రల ములా-ప్రవర, ఉత్తరప్రదేశ్‌ల లక్నో మిగిలిన నాలుగు. 1930లల్ల అమెరికాల కంపెనీలు పల్లెల దిక్కు తీగలు గుంజకపోతే రైతులే సంఘాలు కట్టి గుంజుకున్నరు. ఆ పద్ధతే ఇక్కడికి వచ్చింది. 1970ల సెస్ పని మొదలుపెట్టింది. తెలంగాణల ఇప్పటికి నిలిచిన కరెంటు సంఘం ఇదొక్కటే. దీని డైరెక్టర్లను వాడుకునేటోళ్లమే ఓటేసి ఎన్నుకుంటం, 2022 డిసెంబర్ల గూడ ఎన్నుకున్నం.

సెస్ సొంతంగా కరెంటు పుట్టించదు. వరంగల్ డిస్కం తాన కొని మనకు ఇస్తది. ఉత్తగ పోయిన ప్రతి యూనిట్‌కు సంఘం పైసలు కట్టాల్సిందే. "పోతే సర్కారుది పోతది" అనే మాట మన కాడ చెల్లదు బిడ్డా.

ఇగ నీ ఇంటి ముచ్చట. ఇప్పుడు అమ్మ ఉంటున్న పాత ఇంట్లనే మొదలుపెట్టు. మీటరు మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటది చూడు. దాని పక్కన ఒక అంకె రాసి ఉంటది, శాన మీటర్లకు 3200. అంటే ఆ లైటు 3200 సార్లు కొట్టుకుంటే ఒక యూనిట్ కాలినట్టు. నాత్రి అందరు పండుకునే ముందు ఫ్రిజ్జుతో సహా అన్నీ బంద్ చేసి మీటరు ముందట ఐదు నిమిషాలు నిలబడు. లైటు ఆగిపోవాలె. ఆగకపోతే ఏదో తాగుతున్నది: టీవీ కింది సెట్‌టాప్ బాక్సో, ఇన్వర్టరో, లేకుంటే గోడల నాని కారుతున్న పాత వైరో. ఇగ ఒక్క పాత ఫ్యాను ఏసి చూడు, పదిహేను సెకన్లకొకసారి కొట్టుకుంటది. కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను ఏస్తే ముప్పై, నలభై సెకన్లకొకసారి. ఎవ్వలు చెప్పకున్నా నీ కండ్లకే తెలుస్తది.

పాత ఫ్యాను 75 వాట్లు తాగుతది, కొత్తది 30. రోజుకు పన్నెండు గంటలు తిరిగితే ఒక్కో ఫ్యానుకు నెలకు పదహారు యూనిట్లు మిగుల్తయి. నాలుగు ఫ్యాన్లకు అరవై దాటుతది. అదంత పన్నెండు వేల లోపు ఖర్చు. అవే అరవై యూనిట్లు సోలార్‌తోని పుట్టించాల్నంటే అర కిలోవాట్ కావాలె, దానికి ముప్పై వేల దాక అయితది. ఏది ముందు చెయ్యాల్నో నువ్వే లెక్క చూసుకో.

స్లాబు మీద తెల్ల సున్నమన్నా, చల్లదనమిచ్చే తెల్ల రంగన్నా ఏయించు. 2023 ఏప్రిల్‌ల రాష్ట్ర సర్కారు దీనికోసం కూల్ రూఫ్ పాలసీనే తెచ్చింది. మన మే నెల ఎండకు నల్లబడ్డ స్లాబు నాత్రి పదిదాక సెగ కక్కుతది. ఆ సెగ తగ్గితే రెండో ఏసీ అవసరమే పడకపోవచ్చు. ఉన్న ఏసీని 18 మీద పెట్టకు, 26 మీద పెట్టి ఫ్యాను ఏసుకో.

అమ్మ ఇంటికి మాత్రం సోలార్ వద్దు. తెల్లకార్డున్న ఇంటికి 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాక బిల్లు లేదు. దాటిన నెల మొత్తం కట్టాలె. ఎండకాలంల గూడ దాటకుండ చూసుకుంటే చాలు, ఆ ఇంటికి అదే లాభం.

నీ కొత్తింటికి పెట్టు. మూడు కిలోవాట్లు సాలు. మంచి ఎండకు రోజుకు పన్నెండు యూనిట్ల దాక ఇస్తది. పీఎం సూర్యఘర్ కింద కేంద్రం 78,000 దాక సబ్సిడీ ఇస్తది, నీ ఖాతల్నే పడ్తది. నడుమ మనిషికి పైసలియ్యకు. సెస్ ఆఫీసుల నెట్ మీటరు సంగతి తెలుసుకున్నంకనే సంతకం పెట్టు. ఇంకొకటి, దీన్ని శానమంది చెప్పరు: బ్యాటరీ లేని సోలార్, లైన్ల కరెంటు పోతే అది గూడ ఆగిపోతది. తీగల మీద పనిచేసే లైన్‌మన్ పానం కోసం అట్ల పెట్టిన్రు. పలకలు దక్షిణం దిక్కు చూడాలె. యాపచెట్టు నీడ ఒక్క మూలకు పడ్డా మొత్తం తగ్గుతది, అట్లని చెట్టు కొట్టకు, పలకలనే జరుపు. కోతులు ఊగకుండ ఫ్రేము గట్టిగ బిగించమను. వరికోతల దుమ్ము పట్టినప్పుడు పొద్దుగాల చల్లపూట కడుగు.

ఇంటికంటె నాకు పొలం కాడిదే ఎక్కువ రంది. 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు వచ్చింది. అయినా ఆటో స్టార్టర్లు ఇంక కొన్ని పొలాలల్ల ఉన్నయి. కరెంటు పోయి వచ్చినప్పుడు అన్ని మోటర్లు ఒక్కసారి లేస్తయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతది, ఎవ్వల మడికి నీళ్లుండయి. మన మోటరుది నువ్వు తీసెయ్యి. ఐదు హెచ్‌పీ మోటరుకు రెండు కేవీఏఆర్ కెపాసిటర్ పెట్టించు. స్టార్టర్ డబ్బ పక్కన అరచేతిలంత ఉంటది, పెద్ద ఖర్చు కాదు. ఓల్టేజీ నిలబడ్తది, వైండింగ్ తొందరగ కాలదు.

నీళ్లంటె కరెంటే కొడుకా, మన మండలంల ఇది ఇంకా నిజం. తిప్పాపూర్ పంప్‌హౌస్‌కు సొరంగంల వచ్చిన నీళ్లను నాలుగు పంపులు ఎత్తి అనంతగిరి కాడి అన్నపూర్ణ జలాశయంల పోస్తయి. 2020 నుంచి నడుస్తున్నయి. ఒక్కో పంపు 106 మెగావాట్లు. మనసొంటోళ్ల ఐదు హెచ్‌పీ మోటర్లు ఇరవై ఎనిమిది వేలు ఒక్కసారి ఏస్తే ఎంతో, ఆ ఒక్క పంపు అంత. మూడున్నర టీఎంసీల జలాశయం అట్ల నిండాలె. దానికోసం అనంతగిరోళ్లు ఊరే ఇడిచిపెట్టిన్రు. ఆ నీళ్లు మడి ఒడ్డు తెగి వాగుల పడి పోతుంటే నాకు కడుపుల కలికలి అయితది. తడి చూసుకొని పెట్టు. మడి ఆరినంకనే మళ్ల నీళ్లు కట్టు.

ఇగ మళ్ల సోలార్ ముచ్చట. రామగుండంల ఎన్టీపీసీ తన రిజర్వాయర్ నీళ్ల మీద తేలేటట్టు 100 మెగావాట్ల సోలార్ పలకలు పెట్టింది, 2022 జులైల ఆ పని పూర్తయింది. కుసుమ్ పథకంల సబ్‌స్టేషన్ దగ్గర పడావు పడ్డ భూమిల రైతులు అర మెగావాట్ నుంచి రెండు మెగావాట్ల దాక పెట్టుకోవచ్చు. కరెంటు సంఘం మనదే ఉన్నప్పుడు మనూరి సబ్‌స్టేషన్ పక్కన అట్లాంటిది ఎందుకు రాకూడదు? ఈ సారి సెస్ మహాజన సభకు సెలవు పెట్టి రా. నీ దోస్తులను గూడ తీసుకరా. లేచి నిలబడి ఆ మాట అడుగు, జవాబు రాసుకొని నాకు పంపు.

మీ పెద్దబాపు