గెల కోసిన పిమ్మట

పెరటి అరటిచెట్టు ఒక్క గెలయే వేయును. అది కోసిన పిమ్మట బోదెను నరికి వీధిలో పారవేయుట నేడు పలు గృహములయందు చూచుచున్నాము. భక్తితో నిచ్చిన ఆకైనను, పువ్వైనను, పండైనను, నీరైనను స్వీకరింతునని భగవానుడు గీత తొమ్మిదవ అధ్యాయమున ఆనతిచ్చినాడు. ఆ నాలుగును ఈ ఒక్క అరటియందే కలవు. నీరు బోదెలోనే నిండియున్నది. సమస్తమును స్వామి సొత్తు, మనము శేషభూతులము అని నిత్యము పలుకు శ్రీవైష్ణవుడు పండుమాత్రము గ్రహించి తక్కినది విసరివేయుటకు అధికారి యెట్లగును?

పని కొంత ఉన్నమాట నిజమే. చేతులకు పసరంటకుండ నూనె రాచుకొని, పువ్వులోని ప్రతి పూతనుండి గట్టి కేసరమును, పలుచని పొరను తీయవలెను. దూటను చక్రములుగా తరుగుచు, నారను వ్రేలికి చుట్టి లాగి, నల్లబడకుండ మజ్జిగనీటిలో వేయవలెను. ఆవపెట్టి వండిన ఆ కూర రుచి యెరిగినవారు బజారు కూరను తలపరు. ఓపిక లేదనువారు ఒక్కమారు తిని చూతురుగాక! ఆకులు భోజనమునకు, పచ్చికాయ తొక్కు పచ్చడికి. విదురుని యింట శ్రీకృష్ణుడు అరటితొక్కలనే ఆరగించెనను కథ వ్యాసభారతమున లేదు. అయినను భక్తుల నాలుకలపై నిలిచియున్నది. ఎండిన పట్టల నారను తడిపినచో తులసిమాల కట్టుటకు దారమగును. మిగిలిన బోదెముక్కలు కొన్ని ఆవునకు వేసి, తక్కినవి బలమైన పిలక మొదట పరచిన చాలును.