పూడిస్తే పాపం పోతుందా?

మా ఈపూరు మండలంలో అగ్నిగుండాల పేరెత్తితే ఒకప్పుడు సీసమే గుర్తొచ్చేది. బండ్లమోటు కొండలో హిందుస్థాన్ జింక్ వాళ్లు గని నడిపి, తర్వాత మూసేశారు. మా మేనల్లుడు రాజస్థాన్‌లో ఒక జింకు గనిలో, తవ్విన ఖాళీలను పూడ్చే ప్లాంటులో పనిచేస్తాడు. సంక్రాంతికి వచ్చి అడిగాడు: "మామయ్యా, గుళ్లో ఇంత పురాణం చెప్తావుగా. భూమాత దగ్గర తీసుకున్నది తిరిగి ఆమెకే ఇస్తున్నాం. మా పాపం పోయినట్టేనా?"

పనేమిటో విప్పి చెప్పమన్నాను. రాయిని పిండి చేసి ఖనిజం తీశాక మిగిలే బురదలోంచి నీళ్లు లాగేస్తారు. నూటికి మూడు నుంచి ఏడు పాళ్లు సిమెంటు కలుపుతారు. ఆ చిక్కటి ముద్దను గొట్టాల్లో కిందికి వదులుతారు. ఖాళీకి అడ్డుగోడ కట్టి, ముందు అడుగున కొంత పోసి, అది బిగిశాక మిగతాది నింపుతారు. నలిగిన రాయి ఉబ్బుతుంది కాబట్టి బురదంతా లోపల పట్టదు, కొంత పైనే ఉండిపోతుంది.

ఎందుకింత శ్రమ అంటే వాడేమీ దాచలేదు. కప్పు కూలకుండా మధ్యలో వదిలిన రాతి స్తంభాల్లోనూ ఖనిజం ఉంది. పూడిక గట్టిపడితే వాటినీ పేల్చి తీసుకోవచ్చు!

చిక్కంతా అక్కడే. ప్రాయశ్చిత్తానికి పశ్చాత్తాపం కావాలి, మళ్లీ చేయనన్న సంకల్పం కావాలి. ఇక్కడ పూడ్చేదే పక్కది తీయటానికి. పైగా ఆ సిమెంటు ఎక్కడిది? మన మాచర్ల, దాచేపల్లి వైపు చూడండి, సున్నపురాయి తవ్వి కాలిస్తేనే సిమెంటు. సింగరేణిలో బొగ్గు తీసిన ఖాళీల్లోకి నీళ్లతో పాటు గోదావరి ఇసుకను పంపేవాళ్లు. అంటే గనిని నింపటానికి ఏటిని తవ్వారు. కొత్త అప్పు చేసి పాత అప్పు కట్టడమంటే ఏమిటో మా మిర్చి రైతులకు చెప్పక్కర్లేదు.

పెద్దలు దేవ, ఋషి, పితృ రుణాలని మూడింటిని లెక్కగట్టారు. భూమి రుణం ఆ మూడింట్లో లేదు. తీరని దాన్ని పద్దులో రాసి ఏం లాభమనుకున్నారేమో, ఇది నా ఊహే. అథర్వవేదంలోని భూమిసూక్తం కూడా తవ్వొద్దనదు. తవ్విన చోటు త్వరగా పూడాలని, ఆమె మర్మాలకు దెబ్బ తగలకూడదని వేడుకుంటుంది. వేడుకున్నంత మాత్రాన చెల్లుచీటీ రాదు.

అలాగని వాడి పనిని తక్కువ చేయను. కోలారు బంగారు గనులు మూడు కిలోమీటర్ల లోతు దాటాయి. ఆ లోతులో ఒత్తిడికి రాయి పేలి చనిపోయినవాళ్లు ఎందరో. అక్కడ మన తెలుగు కూలీలూ పనిచేశారు. పూడిక సరిగ్గా ఉంటే కింద మనిషి బతుకుతాడు. కంపెనీ లాభం కోసమే చేయనీ, బతికినవాడు బతికినట్టే. ఫలం మీద దృష్టి వద్దని రోజూ గీత చెప్పే నేను, ఈ ఒక్కచోట ఫలమే చూస్తాను.

దసరాకు పంపుల ముందు గుమ్మడికాయ కొట్టేటప్పుడు ఏమనుకోవాలన్నాడు. "క్షమించమని అడుగు, బాకీ తీరిందని మాత్రం అనకు" అన్నాను. ఆ ముద్దతో పోసిన దిమ్మలను 28 రోజులకు నలగ్గొట్టి బలం చూస్తారట. ఆ ఫలితం రాకముందే పక్కన పేల్చమంటే ఏం చేస్తావని అడిగాను.

"సంతకం నాది కాదు మామయ్యా, ఇంజినీరుది."

"నోరు నీదేగా" అన్నాను.